గుమ్మిలో గింజలు – గ్రాఫులో గీత



ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవం. 1928లో ఇదే రోజున సర్ సి.వి. రామన్ గారు రామన్ ఎఫెక్ట్ కనిపెట్టారు. అందుకని ఈసారి గోడపత్రికలో సైన్సు గానీ లెక్కలు గానీ రాయాలని మేడమ్ చెప్పారు. చాలామంది రామన్ గారి గురించి రాస్తున్నారు. నేను లెక్కల గురించి రాస్తున్నాను. లెక్కలంటే భయపడేవాళ్ళు కూడా చివరిదాకా చదవాలని కోరుతున్నాను. ఎందుకంటే ఇది నేను ఈ బడిలో ఉండాలా, మానాలా అనే లెక్క.

లెక్కలో వచ్చే ఎక్స్, వై, ఏ, బి అనే అక్షరాలను తెలుగులోనే రాస్తున్నాను. చిన్న తరగతుల చెల్లెళ్ళు కూడా చదువుకోవచ్చు.

పాఠంలో ఏముంది?

9వ తరగతిలో రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాలు అనే పాఠం ఉంది. సంక్రాంతి సెలవులకు ముందు లెక్కల సార్ ఈ పాఠం మళ్ళీ చెప్పారు. బోర్డు మీద 3ఎక్స్ + 4వై = 12 అని రాసి గ్రాఫు గీయమన్నారు. మేము ఎక్స్‌కి 1 వేశాం, 2 వేశాం. వై విలువ భిన్నంలో వచ్చింది. ఆ భిన్నాన్ని గ్రాఫు మీద ఎక్కడ పెట్టాలో తెలియక చాలామంది ఆగిపోయారు.

అప్పుడు సార్ ఒక సులువు చెప్పారు. "సరళరేఖ గీయడానికి రెండు బిందువులు చాలు. సున్నాతో వచ్చే రెండూ తీసుకోండి" అన్నారు.

ఎక్స్ = 0 వేస్తే 4వై = 12. కాబట్టి వై = 3. బిందువు (0, 3).

వై = 0 వేస్తే 3ఎక్స్ = 12. కాబట్టి ఎక్స్ = 4. బిందువు (4, 0).

ఈ రెండు బిందువులు పెట్టి స్కేలు ఆనించి గీస్తే గీత వచ్చేసింది. గీత రెండు అక్షాలనూ ఒక్కొక్క చోట కోసింది. మూలబిందువు నుంచి ఆ కోసిన చోటు దాకా ఉన్న ముక్కను అంతరఖండం అంటారు. ఇక్కడ ఎక్స్-అంతరఖండం 4, వై-అంతరఖండం 3. మేము కోయోళ్ళం. ఇంట్లో కోయ మాట్లాడతాం. అంతరఖండం అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పలకలేదు. ఐతే ఖండం అంటే ముక్క అని సార్ చెప్పాక ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

మా బెంచీలో ఒకమ్మాయి "ఎక్స్-అంతరఖండం కావాలంటే ఎక్స్‌కే కదా సున్నా వెయ్యాలి?" అని అడిగింది. చాలామందికి ఈ అనుమానం ఉంది. సార్ ఇలా చెప్పారు. ఎక్స్ అక్షం అంటే నేల అనుకోండి. వై అంటే నేల నుంచి ఎంత ఎత్తు అని. నేల మీద నిలబడితే ఎత్తు సున్నా. కాబట్టి గీత నేలను తాకే చోటు కావాలంటే వై ని సున్నా చెయ్యాలి. అంతే.

ఇట్లా బిందువును రెండు అంకెలతో, గీతను సమీకరణంతో చెప్పే పద్ధతిని ఫ్రాన్సు దేశానికి చెందిన రెనే డెకార్ట్ 1637లో తన పుస్తకంలో రాశారు. మన పుస్తకంలో కార్టీజియన్ తలం అని ఉంటుంది కదా, అది ఆయన పేరు మీద వచ్చిందే.

తర్వాత సార్ లెక్కను తిప్పి అడిగారు. "ఇప్పుడు సమీకరణం నేను చెప్పను. అంతరఖండాలు 4, 3 అని మాత్రమే చెబుతాను. సమీకరణం మీరు రాయగలరా?" ఎవరూ పలకలేదు. సార్ 3ఎక్స్ + 4వై = 12 ని రెండు వైపులా 12తో భాగించారు. ఇట్లా వచ్చింది:

ఎక్స్/4 + వై/3 = 1

ఎక్స్ కింద ఎక్స్-అంతరఖండం 4 కూర్చుంది. వై కింద వై-అంతరఖండం 3 కూర్చుంది. ఏ గీతకైనా ఎక్స్-అంతరఖండం ఏ, వై-అంతరఖండం బి ఐతే సమీకరణం

ఎక్స్/ఏ + వై/బి = 1

దీని పేరు అంతరఖండ రూపం. ఇంటర్మీడియట్ పుస్తకంలో వస్తుందట. తరగతి అంతా బట్టీ పట్టేశారు. నేను లేచి "సార్, కుడి పక్కన 1 ఎందుకు వచ్చింది? ఆ 1 అంటే ఏమిటి?" అని అడిగాను. సార్ నవ్వి "సెలవుల్లో ఆలోచించుకుని రా" అన్నారు.

మా ఇంటి గుమ్మి

సంక్రాంతికి ఇంటికి పోయాను. మా ఇంట్లో మూలన వెదురు గుమ్మి ఉంది. లోపలా బయటా పేడతో అలికి ఉంటుంది. వడ్లు అందులోనే పోస్తాం. ఈ ఏడు పంట తక్కువ వచ్చింది.

మా అమ్మ బడికి పోలేదు. అంకెలు రాయడం రాదు. కానీ గుమ్మి లెక్క మాత్రం అమ్మదే. వడ్లు పోసిన రోజున ఒక్కో కుంచానికి గోడ మీద బొగ్గుతో ఒక్కో గీత పెట్టింది. తీసినప్పుడల్లా తీసినన్ని గీతలు తుడిచేస్తది. ప్రతి సంత రోజునా 4 కుంచాల వడ్లు తీసి మిల్లులో ఆడించుకొస్తది. ఆ బియ్యం, రేషన్ బియ్యం కలిపి వారం నడుస్తది. నేను ఇంటికి వచ్చిన రోజున గోడ మీద గీతలు లెక్కపెట్టాను. 72 ఉన్నాయి.

ఆ సాయంత్రమే మిరప కోతల మేస్త్రి మా ఊరు వచ్చాడు. ఫిబ్రవరి నుంచి మిరప తోటలకు మనుషులు కావాలి. తోట దగ్గరే గుడిసె వేసుకుని ఉండాలి. ఇంటికి ఎంతమంది వస్తే అంత కూలి. మేస్త్రి పోయాక మా నాయన అన్నాడు. మేము కోయలో మాట్లాడుకున్నాం. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"గుమ్మి చూస్తే భయమైతుంది. ఎండాకాలం దాకా రాదు. బిడ్డ మూడు నెలలు మాతో కోతకు వస్తే గడుస్తది. జూన్‌లో మళ్ళీ బడికి పంపుదాం."

మా నాయన చెడ్డవాడు కాదు. నన్ను ఈ హాస్టల్లో చేర్చడానికి రెండు రోజులు ఆఫీసు ముందు కూర్చున్నాడు. కానీ మా పెద్దనాన్న కూతురు అక్కకు కూడా 8వ తరగతిలో ఇదే మాట చెప్పారు. "జూన్‌లో పోదువు" అన్నారు. అక్కకు ఆ జూన్ రాలేదు. ఇప్పుడు అక్కకు ఇద్దరు పిల్లలు.

నేను ఆ రాత్రి ఏడ్చాను. కానీ ఏడిస్తే గుమ్మి నిండదు. నాయనకు ఉన్న భయం బడి మీద కాదు, గుమ్మి ఎప్పుడు ఖాళీ ఐతదో అని. "ఎండాకాలం దాకా రాదు" అన్నాడు గానీ ఏ సంతకు అయిపోతదో ఎవరూ లెక్క చూడలేదు. ఆ లెక్క చూడాలనుకున్నాను.

గ్రాఫు గీసిన విధం

పొద్దున్నే లెక్కల నోటుబుక్కు తీశాను. ఎక్స్ అంటే సంక్రాంతి సంత నుంచి గడిచిన సంతలు. వై అంటే గుమ్మిలో మిగిలిన కుంచాలు.

మొదట 72 అని పెట్టబోతే మా నాయనమ్మ ఆపింది. "విత్తనాలు తీసెయ్యి. భూమి పండుగకు విత్తనం లేకపోతే ఏం చల్లుతరు?" అంది. విత్తనాలకు 12 కుంచాలు కావాలి. అమ్మ, నాయనమ్మ కలిసి అదే రోజున 12 కుంచాలు కొలిచి వేరే బుట్టలో పోసి మూతికి పేడ అలికేశారు. తినడానికి మిగిలింది 60. కాబట్టి ఎక్స్ = 0 అయినప్పుడు వై = 60. ఇది వై-అంతరఖండం.

సంతకు 4 కుంచాలు. 60ని 4తో భాగిస్తే 15. అంటే 15వ సంతకు గుమ్మి ఖాళీ. ఎక్స్ = 15 అయినప్పుడు వై = 0. ఇది ఎక్స్-అంతరఖండం.

రెండు చివర్లు దొరికాయి. సమీకరణం వెంటనే రాసేశాను:

ఎక్స్/15 + వై/60 = 1

రాశాక దాన్ని చూస్తూ కూర్చున్నాను. 5 సంతలు గడిచాయి అనుకుందాం. 20 కుంచాలు పోతాయి, 40 ఉంటాయి. 5/15 అంటే మూడో వంతు. 40/60 అంటే మూడింట రెండు వంతులు. రెండూ కలిపితే 1. అప్పుడు నాకు అర్థమైంది. ఎక్స్/15 అంటే గడిచిపోయిన వంతు. వై/60 అంటే మిగిలిన వంతు. పోయిన వంతు, మిగిలిన వంతు కలిపితే మొత్తం. ఆ మొత్తమే 1! సార్ చెప్పమన్న 1 మా గుమ్మిలో ఉంది.

ఇంకో సంగతి కూడా చూడండి. 5 సంతలను, 40 కుంచాలను కలిపి 45 అనకూడదు. సంతలు వేరు, కుంచాలు వేరు. మేకలను, రూపాయలను కలిపినట్టు ఐతది. కానీ 5ని 15తో, 40ని 60తో భాగిస్తే రెండూ వంతులైపోతాయి. వంతులను వంతులతో కలపవచ్చు. సమీకరణంలో అంతరఖండాలు కింద కూర్చోవడం అందుకే. ఇది తెలిశాక నేను ఆ సూత్రం మరిచిపోలేదు. బట్టీ పట్టే అవసరం రాలేదు.

ఇది ఒక్క గుమ్మికే కాదు, ఏ గీతకైనా వస్తుందని ఇట్లా చూపించవచ్చు. ఏ సంతల్లో బి కుంచాలు అయిపోతే ఒక్క సంతకు పోయేది బి/ఏ. ఎక్స్ సంతల్లో పోయేది (బి/ఏ) × ఎక్స్. మిగిలేది

వై = బి – (బి/ఏ) × ఎక్స్

అన్నింటినీ బి తో భాగిస్తే వై/బి = 1 – ఎక్స్/ఏ. ఎక్స్/ఏ ని ఎడమ పక్కకు తెస్తే ఎక్స్/ఏ + వై/బి = 1. ఇంతే. ఇందులో కొత్త లెక్క ఏమీ లేదు, 7వ తరగతి లెక్కలే.

నాయన అడిగిన ప్రశ్న

ఆ గ్రాఫు నాయనకు చూపించాను. ఒక్కో గడి ఒక్కో సంత అని, గీత ఎట్లా దిగుతదో వేలు పెట్టి చూపించాను. నాయన గీత కొస మీద వేలు పెట్టి "ఇక్కడికి ఏ నెల?" అని అడిగాడు. 15వ సంత అంటే ఏప్రిల్ నెలాఖరు. మన పరీక్షలు అప్పటికి అయిపోతాయి. ఏప్రిల్ చివర్లో వేసవి సెలవులు ఇస్తారు. తునికాకు కోతలు కూడా అప్పుడే మొదలవుతాయి. తునికాకుకు నేను ఇంటి దగ్గరే ఉంటాను, ఎవరూ బడి మానక్కర్లేదు.

తర్వాత అదే కాగితం మీద ఇంకో గీత గీశాను. నేను ఇప్పుడే బడి మానితే ఏమైతది? ఇక్కడ హాస్టల్లో నాకు అన్నం పెడుతున్నారు. ఇంటికి వస్తే నా తిండి కూడా గుమ్మిలోంచే రావాలి. సంతకు 4 కాదు, 5 కుంచాలు కావాలి. 60ని 5తో భాగిస్తే 12. అప్పుడు సమీకరణం

ఎక్స్/12 + వై/60 = 1

రెండు గీతలూ 60 దగ్గరే మొదలవుతాయి. కానీ రెండోది నిటారుగా దిగి మూడు సంతలు ముందే నేలను తాకుతుంది. నేను హాస్టల్లో ఉండి చదువుకుంటే గుమ్మి మూడు సంతలు ఎక్కువ వస్తుంది.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "బియ్యం సరే. ఉప్పు, నూనె, మందులు? వాటికి పైసలు యాడనుంచి వస్తయ్?" అని అడిగాడు. ఇది మంచి ప్రశ్న. ఈ గీతలో దానికి జవాబు లేదు. గీత గింజల గురించే చెబుతుంది. నేను కోతకు పోతే నా కూలి వచ్చే మాట నిజమే. ఆ మాటే చెప్పాను. అప్పుడు అమ్మ కలగజేసుకుంది. "మనిద్దరం పోదాం. ముసలమ్మ ఇంట్లో ఉంటది. బిడ్డను ఆ గీత దాకా ఉండనీ" అంది. నాయన ఒక మాట పెట్టాడు. "గీత తప్పితే మళ్ళీ మాట్లాడుకుందాం" అన్నాడు.

అందుకని నేను సెలవులు అయిపోయాక తిరిగి వచ్చాను. గ్రాఫు కాగితం ఒకటి ఇంట్లో గోడకు అంటించి వచ్చాను. ఇంకోటి ఇక్కడ ఈ పత్రిక పక్కన అంటించాను, చూడండి.

6వ సంత

మొన్న ఆదివారం నాయన నన్ను చూడడానికి వచ్చాడు. వస్తూనే "6 సంతలైనయ్, 34 ఉన్నయ్" అన్నాడు. నేను అక్కడే వేళ్ళ మీద లెక్క చూశాను. గీత మీద ఉంటే 36 ఉండాలి. 6/15 అంటే 24/60. దానికి 34/60 కలిపితే 58/60. 1 రాలేదు.

వంతులు కలిపితే సరిగ్గా 1 వస్తే గీత మీద ఉన్నట్టు. 1 కన్నా ఎక్కువ వస్తే గీతకు పైన ఉన్నట్టు, అంటే గింజలు మిగులు. 1 కన్నా తక్కువ వస్తే గీతకు కింద, అంటే ఎక్కడో ఎక్కువ ఖర్చైంది. మా మేనత్త ఊరి నుంచి చుట్టాలు వచ్చి నాలుగు రోజులు ఉన్నారట. 2 కుంచాలు అదనంగా ఆడించారు. తక్కువ పడిన 2/60 సరిగ్గా ఆ 2 కుంచాలే.

చుట్టాలకు అన్నం పెట్టొద్దని ఏ లెక్కా చెప్పదు. కానీ ఇప్పుడు ఎప్పటిదాకా వస్తుందో మళ్ళీ చూడాలి. 34ని 4తో భాగిస్తే ఎనిమిదిన్నర. గడిచిన 6 కలిపితే పద్నాలుగున్నర. కొత్త గీత ఇది:

ఎక్స్/14.5 + వై/58 = 1

ఈ గీత పాత గీతకు సమాంతరంగా ఉంటుంది. ఎందుకంటే సంతకు పోయేది రెంటిలోనూ 4 కుంచాలే. 60/15 = 4. 58/14.5 = 4. కొత్త గీత కొంచెం కిందికి జరిగింది, అంతే. 14వ సంత దాటాక సెలవులు వస్తాయి. పద్నాలుగున్నర సంతలకు గింజలు ఉన్నాయి. ఇంకా సరిపోతుంది.

నాయన "గీత తప్పింది గదా" అనలేదు. "అరసంత తగ్గిందన్నమాట. మీ అమ్మ వారంలో రెండు పూటలు జొన్న గటక చేస్తా అంటుంది" అన్నాడు. నాకు చాలా సంతోషం కలిగింది. నాయన నోట అరసంత అనే మాట వచ్చింది. సంక్రాంతికి ముందు మా ఇంట్లో "రాదు, గడవదు" అనే మాటలే ఉండేవి.

ఈ రూపంలో రాయలేని గీతలు

అన్ని గీతలనూ ఇట్లా రాయలేం. మా ఇంటి నుంచే రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది విత్తనాల బుట్ట. అందులో 12 కుంచాలు. సంతలు ఎన్ని గడిచినా 12. దాని సమీకరణం వై = 12. ఆ గీత నేలకు సమాంతరంగా పోతుంది, ఎక్స్ అక్షాన్ని తాకనే తాకదు. ఎక్స్-అంతరఖండమే లేదు కాబట్టి అంతరఖండ రూపం లేదు. విత్తనాల గీత నేలను తాకకూడదు కూడా. నాయనమ్మ కాపలా ఉన్నంతకాలం తాకదు.

రెండోది తునికాకు డబ్బు. 50 ఆకులు ఒక కట్ట. కట్టకు 3 రూపాయలు అనుకుందాం. ఎక్స్ కట్టలకు 3ఎక్స్ రూపాయలు. వై = 3ఎక్స్. కట్ట కట్టకపోతే డబ్బు లేదు. కాబట్టి గీత (0, 0) గుండా పోతుంది. రెండు అంతరఖండాలూ సున్నాలే. సున్నాతో భాగించకూడదు కదా, అందుకని దీనికీ ఈ రూపం లేదు.

అంతరఖండం రుణసంఖ్య ఐతే మాత్రం ఇబ్బంది లేదు. ఒక ఇంటికి కొట్లో 600 రూపాయల బాకీ ఉంది, సంతకు 100 చొప్పున తీరుస్తున్నారు అనుకోండి. బాకీ కాబట్టి వై-అంతరఖండం –600. 6 సంతల్లో తీరుతుంది, కాబట్టి ఎక్స్-అంతరఖండం 6. సమీకరణం ఎక్స్/6 + వై/(–600) = 1. 2 సంతలైతే వై = –400. 2/6 + 400/600 = 1. సరిపోయింది. ఈ గీత నేల కింద మొదలై పైకి ఎక్కుతుంది. తీర్చిన వంతు, ఇంకా ఉన్న వంతు కలిపితే మళ్ళీ 1.

ఎక్కడ నమ్మకూడదు?

ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రతిసారీ ఒకే అంత పెరిగినా, ఒకే అంత తగ్గినా అప్పుడే సరళరేఖ. గోదావరి వరద అట్లా ఉండదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 ఐతే రెండోది, 53 ఐతే మూడోది ఇస్తారు. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిందని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. వరద ఒక రోజు గంట గంటకూ పెరుగుతుంది, ఇంకో రోజు నిలకడగా ఉంటుంది. పైన ఎక్కడ వాన పడితే దాన్ని బట్టి మారుతుంది. అట్లాంటి దానికి రెండు బిందువులు తీసుకుని స్కేలు ఆనించి "ఫలానా గంటకు తగ్గిపోతుంది" అని చెప్పకూడదు. చెబితే ప్రాణాల మీదికి వస్తుంది.

మన హాస్టల్ స్టాకు రిజిస్టరు కూడా చూడండి. బడి ఉన్న రోజుల్లో బియ్యం దాదాపు ఒకేలా తగ్గుతాయి. సంక్రాంతి సెలవుల్లో మనం లేము కాబట్టి తగ్గవు. గీత కొన్నాళ్ళు దిగి, కొన్నాళ్ళు పడుకుని, మళ్ళీ దిగుతుంది. మొత్తం ఒకే గీత కాదు. వార్డెన్ మేడమ్‌కు ఇది నాకన్నా బాగా తెలుసు.

నేను చెప్పేది

సమీకరణం మా గుమ్మిలో ఒక్క గింజ కూడా పెంచలేదు. పంట తక్కువే. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఇంకా ఉంది. అమ్మ, నాయన ఇప్పుడు మిరప తోట దగ్గరే ఉంటున్నారు, సంత రోజున మాత్రం ఇంటికి వచ్చి గుమ్మి చూసి పోతున్నారు. కానీ మొదలు ఎక్కడో, చివర ఎక్కడో తెలిస్తే మధ్యలో ప్రతి రోజూ మనం ఎక్కడ ఉన్నామో తెలుస్తుంది. తెలిస్తే కూర్చుని మాట్లాడుకోవచ్చు. తెలియకపోతే భయంతో ముందు ఆడపిల్ల బడి మాన్పిస్తారు.

మన హాస్టల్లో నాలాగే మొదటిసారి చదువుకుంటున్నవాళ్ళు చాలామంది ఉన్నాం. మా అమ్మ బొగ్గు గీతలు లేకపోతే నా గ్రాఫుకు అంకెలే లేవు. మీరూ ఈసారి ఇంటికి పోయినప్పుడు గుమ్మిలో ఎన్ని కుంచాలు ఉన్నాయో, సంతకు ఎన్ని తీస్తారో, విత్తనాలకు ఎన్ని ఉంచాలో అమ్మను అడగండి. నోటుబుక్కులో రెండు చివర్లు రాసుకోండి. "బడి మానెయ్" అనే మాట రాకముందే గీత గీసి పెట్టుకోండి.

మీకోసం మూడు లెక్కలు

1. ఒక గదిలో అందరికీ కలిపి 500 మిల్లీలీటర్ల కొబ్బరినూనె డబ్బా ఇచ్చారు. రోజూ ఒకే అంత వాడితే 25 రోజులకు అయిపోతుంది. సమీకరణం రాయండి. 10వ రోజు పూర్తయ్యాక ఎంత నూనె ఉంటుంది?

2. 5ఎక్స్ + 2వై = 20 అనే గీతకు అంతరఖండాలు కనుక్కోండి. అంతరఖండ రూపంలో రాయండి.

3. (ఇది 10వ తరగతి అక్కలకు) రెండు అంతరఖండాలూ సమానంగా ఉండి, (2, 3) అనే బిందువు గుండా పోయే సరళరేఖ సమీకరణం ఏమిటి?

జవాబులు కాగితం మీద రాసి స్టడీ అవర్‌లో నాకు ఇవ్వండి. సరైన జవాబులు రాసినవాళ్ళ పేర్లు వచ్చే నెల గోడపత్రికలో రాస్తాను. మా గుమ్మి 10వ సంతకు ఎంత ఉందో కూడా అందులోనే రాస్తాను. పద్నాలుగున్నర సంతల గీత మీద ఉంటే ఎంత ఉండాలో మీరు ఇప్పుడే లెక్క వేసి పెట్టుకోండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని